ఎటు పెట్టినా మెత్తని రాయి

వజ్రం కొన్ని వైపులకే అరుగుతుంది. తప్పు వైపు సాన మీద పెడితే చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది, సరైన వైపు దొరికితే గొంతు తగ్గిస్తుంది. ఆ తేడా చెవితోనే పట్టేవాడు కాబట్టి సానగదిలో ఆయన్ని చెవి మాస్టారు అనేవారు. కొత్త రాయి ఏ వైపు అరుగుతుందో చూడటం ఆయన పని. అరగదీయడం మిగతావాళ్ళది.

ఈ మధ్య ఆయనకి పిట్టల కూతలు వినపడటం మానేశాయి. కంటి అంచనాతో ఎలాగో నెట్టుకొస్తున్నాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పేరులో మాస్టారు ఒక్కటే మిగులుతుంది.

ఆ ఉదయం యజమాని బొగ్గుముక్కలాంటి రాయిని బల్ల మీద పెట్టాడు.

"ఇదీ వజ్రమే మాస్టారూ. ఆకాశం నుంచి ఊడిపడిందంటున్నారు."

పక్క సాన దగ్గర మాస్టారి బావమరిది నవ్వాడు. "పైన కొన్ని గ్రహాల్లో వజ్రాల వానలట బావా. అక్కడ పుట్టుంటే మనం గొడుగులు బాగుచేసుకుని బతికేవాళ్ళం."

"తెల్లవాటికంటే అరుదా?" అన్నాడు మాస్టారు.

"చాలా అరుదు. ధర మాత్రం పావు వంతు కూడా పలకదు. మెరవదుగా, ఎవరిక్కావాలి? ఒక్క వైపైనా నున్నగా ముఖం తేలిందంటే మాత్రం వేరే సంగతి" అన్నాడు యజమాని.

మాస్టారు రాయిని బిగించి సాన మీదికి దించాడు. సన్నటి గరగర. తిప్పాడు. అదే గరగర. ఇంకోవైపు తిప్పాడు. ఇంత సాధు రాయిని ఎన్నడూ చూడలేదు. తన చెవికేం కాలేదన్న ధైర్యం ఒళ్ళంతా పాకింది.

"ఎటు పెట్టినా వెన్నలా పోతోందండీ."

తలెత్తాడు. యజమాని రెండు చెవులూ మూసుకునున్నాడు. గదిలో అందరూ అంతే. బావమరిది ఒక్కడే చేతులు ఒళ్ళో పెట్టుకుని, పళ్ళు బిగబట్టి గోడకేసి చూస్తున్నాడు.

మాస్టారు రాయిని పైకెత్తాడు. అది వెంట్రుకవాసి కూడా అరగలేదు. సాన మీద గాడి పడింది.

"నీకెప్పట్నించి తెలుసురా?"

"ఏంటి బావా?" అన్నాడు బావమరిది గట్టిగా. చాలాకాలంగా తనతో అలాగే గట్టిగా మాట్లాడుతున్నాడు. అది వాడి స్వభావం అని ఇన్నాళ్ళూ అనుకున్నాడు మాస్టారు.

"ఇది ఏ వైపుకీ అరగదండీ" అన్నాడు యజమానితో. "కీచుమన్నది మీకు వినపడింది. నాకు వినపడలేదు." స్టూలు మీంచి లేచాడు. "కొత్త రాళ్ళు ఇక వీడు చూస్తాడు."

బావమరిది మామూలు గొంతుతో ఏదో అన్నాడు. మాస్టారు మళ్ళీ చెప్పమన్నాడు. అలా అడగడం అదే మొదటిసారి.