పన్నెండు గుడ్లు

పన్నెండు గుడ్లు, అరకిలో వెన్న, పావుకిలో అక్రోట్లు, పిండి ఒక్క కప్పు, ఎందులోనూ తేడా రాలేదే, మందుల షాపులో ముప్పై ఎనిమిదేళ్ళు మిల్లీగ్రాముల లెక్కన పొడులు తూచిన చెయ్యి ఇది, అని నిన్నటి నుంచి అనుకుంటున్నదే మళ్ళీ అనుకుంది మిలాదా, నిన్న సాయంత్రం ఓవెన్ తలుపు తీసేసరికి కేకు నడుమ ఎప్పటిలాగే గొయ్యి, ఆ గొయ్యిని చూస్తూ చూస్తూనే అరవై నాలుగేళ్ళు వచ్చాయి, ఇప్పుడు దాన్ని రేకు డబ్బాలో పెట్టి ఒళ్ళో పట్టుకుని కూర్చుంటే బస్సు ప్రాగ్ దాటి ఉత్తరంగా పోతోంది, కిటికీ మీద వాన పాయలు పాయలుగా జారుతోంది, పక్క సీట్లో తమ్ముడు బెద్రిహ్ డబ్బా మూత కాస్త ఎత్తి తొంగి చూసి, అక్కా, మళ్ళీ చెరువు తవ్వావా, అన్నాడు, నోరు మూసుకోరా, తినేటప్పుడు మాత్రం ముందు నువ్వే ఉంటావు, అంది, తినకపోతే అమ్మ ఊరుకునేదా, అన్నాడు వాడు, అమ్మ మాట రాగానే ఇద్దరూ కిటికీలోంచి చూశారు, చూడటానికి తడిసిన పొలాలు తప్ప ఏమీ లేవు, అమ్మ పోయి ఏడు నెలలు, ట్రాము నడిపి రిటైరైన వీడికి ఉన్నట్టుండి భక్తి పుట్టి వృద్ధుల క్లబ్బు వాళ్ళ ఒక్కరోజు యాత్రకు రెండు టికెట్లు కొన్నాడు, తెరెజీన్ చూసొద్దామే, యుద్ధంలో యూదులందరితో పాటు అమ్మను చిన్నప్పుడు జర్మన్లు మూడేళ్ళు బంధించిన చోటు, అమ్మ బతికుండగా మనల్ని అటు పోనివ్వలేదు కదా, అందులోనూ అక్టోబరు మొదటి ఆదివారం, కేకు రోజు, అన్నాడు, సరేలేరా అంది మిలాదా, కాదనడానికి కూడా ఓపిక కావాలి, ఈ మధ్య అది బొత్తిగా ఉండటం లేదు.

కేకు రోజంటే ఆ రోజు ఎవరి పుట్టినరోజూ కాదు, ఏ పండగా కాదు, ఎందుకమ్మా ఈ రోజే అని చిన్నప్పుడు ఒకసారి అడిగితే, ఎందుకేమిటి, అక్టోబరు కనక, అంది అమ్మ, అంతే, గుడ్లు దొరకని రోజుల్లో కూడా నెల ముందు నుంచి ఒకటీ రెండూ దాచి, వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి పన్నెండు చేసేది, మిగతా ఏడాదంతా పిసినారి, బ్రెడ్డు పొడి రాలితే వేలితో అద్దుకుని తినే మనిషి, ఆ ఒక్కరోజు అరకిలో వెన్న కరిగించేది, కేకు కూలేది, మొదట్లో ఓవెన్‌ను తిట్టేది, తర్వాత పిండిని, మిలాదాకు పదేళ్ళొచ్చి గరిటె చేతికొచ్చాక ఇక తిట్టడానికి ఇంట్లో మనిషి దొరికింది, నీ చేతిలో ఏదో ఉందే, అనేది, ఒతీలత్త చెయ్యి పడితేనా దీనికి, అనేది, గిన్నెలోకి చూస్తూ ఏవో అంకెలు గొణుక్కునేది, ఆ ఒతీలత్త ఎవరో మిలాదా ఎన్నడూ చూడలేదు, ఫోటో లేదు, పండక్కి ఒక కార్డు ముక్క రాలేదు, అమ్మ పుట్టిన పర్దుబిత్సేలో పక్కింటి ఆవిడై ఉంటుందనుకుంది, చూడని మనిషి మీద యాభై ఏళ్ళు కుళ్ళుకుంది, కేకు బల్ల మీద పెట్టి కోసే వేళకు రెండు చేతులూ ఏప్రన్ కింద దాచుకోవడం అప్పుడే అలవాటైంది, పెళ్ళయినా, మొగుడు పోయినా, జుట్టు నెరిసినా ఆ అలవాటు పోలేదు, ఎనభై ఏడులో ఒకసారి తెగించి దొంగతనంగా ఆరు గుడ్లే వేసి, వెన్న సగానికి తగ్గించి, పిండి పెంచి చేసింది, ఎంత బాగా పొంగిందని, బంగారంలా, మిఠాయి కొట్టులో అద్దం వెనక పెట్టదగ్గట్టు, అమ్మ ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని ప్లేటు అవతలికి తోసేసింది, ఇదెవరి కేకే, అంది, మూడు రోజులు మాట్లాడలేదు, మొన్న మార్చిలో ఆసుపత్రిలో ఏమీ తిననంటుంటే, కాలం కాని కాలంలో పన్నెండు గుడ్లూ వేసి చేసి పట్టుకెళ్ళింది, చెంచాతో పెడితే నాలుక మీద చాలాసేపు ఉంచుకుని, ఇది కాదు, అంది అమ్మ, కళ్ళు మూసుకుంది, రెండు రోజులకు పోయింది, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు చేతకాక నేనే ఏవో వంకలు వెతుక్కుంటున్నానేమో, అందరమ్మలూ పోతూ పోతూ బిడ్డకు ఏదో ఒక మాట ఇచ్చి పోతారు, నాకు దక్కింది ఇది కాదు అన్న మాట, ఇదే వీడికి చెప్పలేదు, చెబితే నవ్వించాలని చూస్తాడు.

దిగండమ్మా, జారుతుంది, జాగ్రత్త, అని గైడు రాద్కా పసుపు గొడుగు ఎత్తి పట్టుకుంది, పాతికేళ్ళ పిల్ల, జలుబు చేసినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది, ముందు సీటు హెర్మీనా గారు మెట్టు మెట్టుకీ నడుము పట్టుకుని, చచ్చినవాళ్ళను చూడబోయి మనం చచ్చేట్టున్నాం, అని గొణుగుతూ దిగింది, కోట గేటు, ఖైదు గదులు, సొరంగంలాంటి దారి, రాద్కా ఒక్కోచోట ఆగి ఒక్కో అంకె చెబుతోంది, ఇన్ని వేలమంది వచ్చారు, ఇన్ని వేలమంది ఇక్కడే పోయారు, ఇన్ని వేలమందిని రైళ్ళలో తూర్పుకి, చావు శిబిరాలకి పంపేశారు, మిలాదా మొదటి రెండు అంకెలు గుర్తుపెట్టుకోవాలని చూసింది, మూడోదానికి మొదటిది జారిపోయింది, ఇక్కడికొస్తే ఏడుపొస్తుందనుకుంది, మోకాలి నొప్పి వచ్చింది, సాక్సు తడిసింది, డబ్బా చంకలో బరువెక్కుతోంది, నేనేం మనిషిని, కన్నతల్లిని ఆకలితో మాడ్చిన చోట నిలబడి ఎక్కడన్నా కుర్చీ ఉందా అని వెతుకుతున్నాను, అమ్మ ఈ చోటు గురించి బతుకంతా చెప్పింది రెండే ముక్కలు, నల్లులు ఉండేవి, అభ్రకం చీల్చేదాన్ని, అంతే, అభ్రకం రేకుల్ని కత్తితో పొరలు పొరలుగా చీల్చడం, జర్మన్ల విమానాలకట, ఆ పనిలో ఉన్నవాళ్ళను రైలెక్కించలేదట, అందుకే మిగిలింది, అందుకే నేను పుట్టాను, అందుకే ఈ డబ్బా మోస్తున్నాను, అక్కా ఇటివ్వు నేను పట్టుకుంటాను, అన్నాడు బెద్రిహ్, నువ్వు పట్టుకుంటే చెరువు సముద్రమవుతుంది, వద్దులే, అంది.

కోట నుంచి ఊళ్ళోకి తీసుకొచ్చారు, మామూలు ఊరే, కిరాణా కొట్టు, కిటికీల్లో పూలకుండీలు, ఒకావిడ కుక్కను తిప్పుతోంది, ఈ ఇళ్ళలోనే ఒక్కో గదికి అరవైమందిని కుక్కారు, అంటోంది రాద్కా, తర్వాత పాత సైనికుల బారకాసులో మేడ మీద ఒక గది, అప్పటి ఆడవాళ్ళ గది ఎలా ఉండేదో అలా అమర్చి పెట్టారట, మూడేసి అంతస్తుల చెక్క మంచాలు, వేలాడేసిన గౌన్లు, పెట్టెలు, ఒక చిన్న గిన్నె, మిలాదాకు ఏమీ అనిపించలేదు, నాటకానికి వేసిన రంగస్థలంలా ఉంది, గోడకు ఆనుకుని బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంది, రాద్కా ముక్కు తుడుచుకుని, పని నుంచి వచ్చాక ఆడవాళ్ళు ఈ మంచాల మీద కూర్చుని నోటితో వంట చేసుకునేవారండి, వాళ్ళు ఆ మాటే వాడేవారు, నోటితో వంట, ఇంట్లో చేసుకున్న పిండివంటలన్నీ కొలతలతో సహా చెప్పుకునేవారు, ఒకరు మూడు గుడ్లంటే ఇంకొకరు కాదు అయిదు అని దెబ్బలాడుకునేవారు, ఆకలి పెరిగేకొద్దీ గుడ్లు పెరిగేవి, వెన్న పెరిగేది, పిండి మాత్రం పెరిగేది కాదు, పిండి సంగతి ఎవరికీ పట్టేది కాదు, అంది, హెర్మీనా గారు కళ్ళజోడు సర్దుకుని, ఆ లెక్కన ఇంటికొచ్చి చేస్తే ఏమన్నా కుదురుతుందటమ్మా, అంది, తెలియదండి, చెప్పినవాళ్ళలో చాలామంది నలభై నాలుగు అక్టోబరులో ఆ రైళ్ళలో వెళ్ళిపోయారు, చేసి చూడటానికి దాదాపు ఎవరూ తిరిగి రాలేదు, అంది రాద్కా, ఇలా రండి, మెట్లు జాగ్రత్త, అని గొడుగు ఎత్తింది.

అందరూ కదిలారు, మిలాదా కదల్లేదు, అక్కా, అన్నాడు బెద్రిహ్, ఉండరా, అంది, ఇక్కడికొచ్చేసరికి అమ్మకు పదమూడేళ్ళు, పర్దుబిత్సేలో వంటమనిషి ఉండేది, నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేవారు కాదే, గౌను కాలుతుందని, అని తనే ఎన్నోసార్లు చెప్పింది, వాళ్ళమ్మ ఇక్కడికొచ్చిన మొదటి చలికాలంలోనే పోయింది, పదహారేళ్ళకు బయటపడేసరికి అమ్మకు ఎవరూ లేరు, నేర్పేవాళ్ళే లేరు, మరి ఈ కేకు ఎవరు నేర్పారు, ఎక్కడ నేర్పారు, ఏ ఓవెన్ దగ్గర, ఓవెన్ లేదు, గరిటె లేదు, గుడ్డు లేదు, ఈ చెక్క మీద కూర్చుని ఒక పెద్దావిడ నోటితో చెబుతుంటే విన్నది, మిక్సీ తిరిగే చప్పుడులో గిన్నెలోకి చూస్తూ అమ్మ ఏటేటా గొణుక్కునే మాట, వినీ వినీ అర్థం వెతకడం మానేసిన మాట, ఒతీలత్తా, ఎనిమిది కాదు, పన్నెండు, నేను పన్నెండన్నాను కదా, అన్న మాట, ఇప్పుడు ఈ గదిలో నిలబడితే అర్థమవుతోంది, ఒతీలత్త ఎనిమిది అని ఉంటుంది, వంట తెలిసిన మనిషి, ఎనిమిదే ఎక్కువ అనుకుని ఉంటుంది, పదమూడేళ్ళ పిల్ల, తల్లి పోయిన పిల్ల, ఆకలిగా ఉన్న పిల్ల పన్నెండు అని మొండికేసి ఉంటుంది, సరేలే పిల్లా, పన్నెండు వేద్దాం, ఏం పోయింది మనది, అని ఉంటుంది ఒతీలత్త, తర్వాత ఆ అక్టోబరులో రైలెక్కి ఉంటుంది, కార్డు ముక్క రాయకపోవడానికి కారణం అదా, ఆవిడ మీదనా నేను యాభై ఏళ్ళు కుళ్ళుకున్నాను, ఆవిడ కూడా ఈ కేకు ఒక్కసారి చెయ్యలేదు, ఆవిడ చేతిలోనూ ఇది కూలేదే, ఆకలి రుచి ఎరుగదంటారు, ఇక్కడ ఆకలికి తినడానికి రుచి తప్ప ఇంకేమీ దొరకలేదు, అని అనుకుంటుంటే ఏడుపొచ్చింది, ఇంత ఆలస్యంగా, ఇంత మామూలుగా, గోడకు ఆనుకుని ముక్కు చీదుకుంది, ఏమైందే, మోకాలా, అన్నాడు బెద్రిహ్, కాదురా, గుడ్లు, అంది.

బయట వాన ఆగింది, పార్కులో తడిసిన బెంచీ మీద బెద్రిహ్ తన కోటు పరిచాడు, కూర్చుని మొత్తం చెప్పింది, ఒతీలత్త సంగతి, ఎనిమిదీ పన్నెండూ, ఎనభై ఏడులో దొంగ కేకు, ఆసుపత్రిలో అమ్మ ఆఖరి మాట కూడా చెప్పేసింది, నవ్విస్తాడనుకుంది, వాడు బూటుతో ఆకుల్ని కెలుకుతూ, అందుకేనే, ఒక్క ముక్కకే నాకు రెండు రోజులు ఆకలేసేది కాదు, అని నవ్వబోయాడు, నవ్వు సగంలో ఆగింది, అది నీతో అనలేదే అక్కా, అన్నాడు, ఇది కాదు అని నీతో అనలేదు, నీ చేతిని అనలేదు, తెలుసురా, అంది మిలాదా, ఇప్పుడు తెలిసింది, అమ్మ నాలుక మీద డెబ్బై అయిదేళ్ళుగా ఒక రుచి ఉంది, నోట్లో మాటలతో వండిన రుచి, దానికి సరిపోయేది ఏ ఓవెన్లో చేస్తాం, ఆరు గుడ్లతో పొంగిన కేకును ఎందుకు తోసేసిందో కూడా తెలిసింది, అందులో ఒతీలత్త లేదు, ఆవిడ ఒప్పుకుని ఎనిమిదికి కలిపిన నాలుగు గుడ్లు లేవు, ఎవరో ఇంట్లో కడుపు నిండినవాళ్ళు చేసుకునే కేకు అది, అమ్మకు కావలసింది కూలిపోయే కేకే, కాకపోతే అమ్మకే ఆ సంగతి తెలియదు, పాపం, ఏటేటా పొంగుతుందనే చేసింది.

కొయ్యవే, తిందాం, అన్నాడు బెద్రిహ్, డబ్బా మూత తీసింది, నడుమ గొయ్యి, చుట్టూ వెన్నతో నిగనిగలాడే అంచు, కత్తి మరిచిపోయి వచ్చారు, మిలాదా చేత్తోనే విరిచింది, హెర్మీనా గారు నడుము పట్టుకుని వచ్చి బెంచీ చివర కూర్చుంది, ఒక ముక్క ఆవిడ చేతిలో పెట్టింది, ఆవిడ నమిలింది, ఆగింది, మళ్ళీ నమిలింది, భలే బరువుగా ఉందమ్మా, కానీ వదలబుద్ధి కావడం లేదు, ఎన్ని గుడ్లు, అంది, పన్నెండు, అంది మిలాదా, పన్నెండా, అన్ని వేస్తే కూలిపోతుంది కదమ్మా, సగం తగ్గించి చూడు, అందావిడ, లేదండి, పన్నెండే, వచ్చే ఏడు కూడా పన్నెండే, అంది మిలాదా, కూలుతుంది, కూలనీ, అనుకుంది, అవతల రాద్కా పసుపు గొడుగు ఊపుతూ బస్సుకు పిలుస్తోంది, ఇంకా రెండు నిమిషాలు అన్నాడు బెద్రిహ్, మిలాదా తన చేతుల వంక చూసుకుంది, వెన్న అంటిన వేళ్ళు, గోళ్ళలో అక్రోటు పొడి, అరవై నాలుగేళ్ళ చేతులు, కోటు జేబులోకి పోబోయిన వాటిని పోనివ్వక, వాటిలో ఏమీ లేదు, ఎప్పుడూ ఏ తప్పూ లేదు, అనుకుని, అందరూ చూసేలా డబ్బా మీద పెట్టుకుని కూర్చుంది.