జెల్ల ముల్లు

సుగుణ చేతులు మోచేతుల దాకా నీళ్లలో ముంచి, తొట్టి అద్దానికి పట్టిన నాచును గీకుతోంది. బ్రాంప్టన్‌లోని ఆ పెంపుడు చేపల దుకాణంలో పొద్దున్నే మొదటి పని అదే. అడుగున ఇసుకలో మీసాలు గుచ్చి తిండి వెతుక్కుంటున్నాయి, దక్షిణ అమెరికా వాగుల్లో పుట్టే బొటనవేలంత జెల్లలు. కస్టమర్లు వాటిని కోరీలంటారు. వీటిని గుడ్ల నుంచి సాకింది ఆమె భర్త వెంకటసుబ్బయ్య.

కిందటి చలికాలంలో, ఇక్కడే పనిలో నీళ్లు మోస్తూ, కారే పైపు దగ్గర జారిపడి అతని తుంటి విరిగింది. "పని మీద కాదు. ఊరికే వచ్చాడు, తనంతట తనే పడ్డాడు" అన్నాడు యజమాని జనార్ధనరావు, విచారణకు వచ్చినవాళ్లతో. పైసా పరిహారం రాక, సుబ్బయ్య బేస్‌మెంట్ గదిలో మంచానికి అతుక్కుపోయాడు. సుగుణ మాత్రం అదే పైపు కింద తడి తుడుస్తూ, కడుపులో నిప్పు ఆరనివ్వకుండా తిరుగుతోంది.

పెద్ద తొట్టిలోని ఆస్కార్ చేపంటే జనార్ధనరావుకు ప్రాణం. రాజా అని పేరు పెట్టుకున్నాడు. శనివారాలు జనం ఎదుట దానికి బతికున్న చిన్న చేపను మేతగా పడేయించి, చప్పట్లు కొట్టించుకుంటాడు.

ఆ మధ్యాహ్నం కూడా జనం మూగారు.

"సుగుణమ్మా, రాజాకి ఏం వేద్దాం?"

"ఎప్పుడూ ఆ గోల్డ్‌ఫిష్షేనాండీ? ఇయ్యాల జెల్లనేద్దాం."

"గుడ్ ఐడియా! వెయ్యి."

కాకినాడ రేవులో చేపలు కోసిన చేతులవి. బెదిరితే జెల్ల పక్కముళ్లు విప్పి బిగించేస్తుందని ఆ చేతులకు తెలుసు. ఉన్నవాటిలో పెద్దదాన్నే పట్టింది. సుబ్బయ్య వేళ్ల సందున తిండి తిన్న చేప అది. వల ఒక్క క్షణం ఆగింది. తర్వాత దాన్ని రాజా తొట్టిలో బోర్లించింది.

రాజా గుటుక్కున మింగింది. చప్పట్లు మోగాయి. అంతలోనే నోరు మూతపడక, అది తల విదిలిస్తూ అద్దానికేసి కొట్టుకోసాగింది. జనార్ధనరావు చొక్కాతోనే చేతులు ముంచి లాగబోయాడు. ముళ్లు మరింత దిగాయి. సాయంత్రానికి రెండు చేపలూ చచ్చిపోయాయి.

"ఏం చేశావే నువ్వు?" ఆయన సుగుణ వైపు తిరిగాడు.

"నేనేం చేశానండీ? తనంతట తనే మింగింది."

ఆయన మొహం పాలిపోవడాన్ని తనివితీరా చూసింది. జెల్ల వైపు మాత్రం కళ్లు తిప్పలేకపోయింది. ఏప్రన్ విప్పేసి, రేపు రానని కూడా చెప్పకుండా, మంచులోకి నడిచిపోయింది.

పెద్ద తొట్టి మూత మీద, లైటు వేడికి ఆరేసిన ఆమె ఎర్ర ఉన్ని గ్లవ్స్ వెచ్చగా పడి ఉన్నాయి.