మోటారు ఉచ్చ ఆగిన పూట

భూమ్మీద నేను చెవి ఆనించి రోగం చెప్పలేని ఇంజన్ ఇంకా పుట్టలే. ఇది గొప్పకు చెప్పుడు కాదు. పెనుబల్లి దిక్కు ఒకాయన ట్రాక్టరును ముగ్గురు మెకానిక్‌లు చూసి చేతులెత్తేసిండ్రు. నేను మా ఇంటి ముంగట మంచంల పండుకొని, ఫోన్ల దాని చప్పుడు విని, "లోపల ఎలక ఈనింది, మూడు పిల్లలున్నయి, పైలంగ తియ్యండ్రి" అన్న. విప్పి చూస్తే నాలుగున్నయి. నాలుగోది మూగది, అందుకే నాకు ఇనపడలే.

నా పేరు లచ్చిరాం. ఐదో తరగతి అయినంక మా సారుకు బదిలీ అయింది, నాకూ అయింది. ఆయనకు ఇంకో బడికి, నాకు మేకల కాడికి. తర్వాత నలభై ఏండ్లు పొలాల కాడ నీళ్ళ మోటార్లు, ఆయిల్ ఇంజన్లు బాగుచేసి బతికిన. మా తండా భద్రాచలానికి ఎగువన ఉంటది. ఎనక అడివి, ముంగట గోదారి. గోదారి పెద్దగ వస్తే మా వాగు ఎనక్కి తన్ని రోడ్డు మునుగుతది. అప్పుడు మాకు దిక్కు గోపాలు పడవ ఒక్కటే. గోపాలు చేపలు పట్టేటోడు, నలభై దాటిన మనిషి, నన్ను కాకా అంటడు. పడవ ఎనక తగిలించే మోటారు ఒకటి పాతది కొనుక్కొచ్చుకున్నడు.

రెండేండ్ల కింద, వానకాలం. రోడ్డు మునిగి మూడో రోజు. పొద్దుగాల నా భార్య ద్వాలి పొయ్యిలకు కట్టెలు గుంజుతుంటె, కట్టెల సందుల పండుకున్న నాగుపాము ఆమె చీలమండ మీద కాటేసింది. పాము ఎంత పొడుగో చెప్పను. నేను ఎంత చెప్పినా మీరు సగం చేసుకుంటరు.

మా ఆశా వర్కర్ కవిత ఉరికొచ్చింది. నేను ద్వాలి కాలుకు తాడు బిగించబోతుంటె నా చెయ్యి మీద ఒక్కటేసింది.

"కట్టొద్దు తాతా! కాలు కదలకుండ బద్ద పెడ్త, చాలు. అంబులెన్స్ వాగు దాటి రాలేదు. భద్రాచలం దవాఖానాకు ఫోన్ చేసిన, సూది మందు తయారుగ పెట్టిండ్రు. జల్దీ చేర్చు. అవ్వను మాట్లాడిస్తనే ఉండు. రెప్పలు వాలినా, మాట ముద్దయినా, ఇంక టైం లేదని తెలుసుకో."

గోపాలు అప్పటికే పడవ నీళ్ళలకు దించిండు. రెండు రోజులు జ్వరంతోని పడుకొని ఆ పొద్దే లేచిండు. ఆ రెండు రోజులు మోటారును చూసుకున్నది నేనే. తుడిచి, నూనె పెట్టి, నాకు తోచిన సర్వీసింగ్ చేసిన. వాడు తాడు ఒక్క గుంజు గుంజంగనే మోటారు లేచింది. "కాకా, నీ చెయ్యి పడ్డంక గుర్రమైంది," అన్నడు. నా మీసం దానంతట అదే పైకి లేచింది.

గోదారిని మీరు వంతెన మీద బస్సుల కూసోని చూసి ఉంటరు. ఆ పొద్దు దాని మీద కూసుంటే ఏందో తెలిసింది. ఆ ఒడ్డు లేదు. ఎర్రటి నీళ్ళు, అడివిల నుంచి వేర్లతోని సహా కొట్టుకొస్తున్న చెట్లు, కడుపుబ్బిన గొడ్లు. దిగువకు పోవుడు కష్టం కాదు, గోదారే తీస్కపోతది. కష్టమంతా ఆగుట్ల ఉన్నది. భద్రాచలం కాడ మోటారు పట్టుతోని పడవను కరకట్ట దిక్కు తిప్పాలె. తిప్పకపోతే కొంచెం కిందనే వంతెన. ఆ సిమెంటు కాళ్ళకు నీళ్ళు కొట్టుకొని ఉడికే గంజి లెక్క పొర్లుతుంటయి. అండ్ల పడ్డ చెట్టే రెండు ముక్కలైతది.

నేను ద్వాలి తలను ఒళ్ళె పెట్టుకొని మాట్లాడిస్తున్న. మేం ఇంట్ల మా భాషల మాట్లాడుకుంటం, మీకోసం తెలుగుల రాస్తున్న.

"యాదున్నదా? మన లగ్గమైన ఏడు నేను ఎద్దును భుజాన ఏసుకొని ఈ గోదారి ఈదిన..."

"ఎద్దు కాదు, మేకపిల్ల," అన్నది ద్వాలి. "గోదారి కాదు, మోకాలులోతు వాగు."

నాకు పాణం లేచొచ్చింది. యాభై ఏండ్ల సంది నా ప్రతి అబద్ధానికి అడ్డం పడ్డది ఆమె. అడ్డం పడుతున్నంత సేపు బతికున్నట్టే.

అరగంట పోయినంక ఆమె మోటారు దిక్కు చూసుకుంట అన్నది: "ఆ పక్క బెజ్జంల నుంచి ఇందాక నీళ్ళు చిమ్మినయి. ఇప్పుడు పడతలేవు."

"నువ్వు మోటారు ముచ్చట నాకు చెప్తవా? నువ్వు పండుకో," అన్న.

ఆ మాట అన్న నోటిని ఇప్పటికీ కొట్టుకోవాలనిపిస్తది. ఎందుకంటె మోటారు కథంతా ఆ బెజ్జంలనే ఉన్నది. పడవ మోటారుకు నీళ్ళల మునిగే కాలు ఒకటుంటది. ఆ కాలుకు జల్లెడ. అండ్లకెళ్ళి గోదారి నీళ్ళనే పీల్చుకొని, ఒళ్ళంతా తిప్పి, వేడి చల్లార్చుకొని, పక్కనున్న సన్న బెజ్జంలకెళ్ళి ధారగ వదుల్తది. గోపాలు దాన్ని ఉచ్చ అంటడు. ఉచ్చ పోస్తున్నంత సేపు మోటారు ఆరోగ్యంగ ఉన్నట్టు. మనిషికి ఎట్లనో దానికీ అట్లనే.

కొంచెం సేపటికి కాలిన రబ్బరు వాసన వచ్చింది. మోటారు కుయ్యిమని ఒక్కటే కూత. గొంతు తగ్గింది, దగ్గింది, ఆగింది. ఆగినంక గోదారి చప్పుడు ఇనపడ్డది. అప్పటిదాక అది అంత పెద్దగ అరుస్తున్నదని నాకు తెలువదు.

"కాకా, ఏమైంది?" అని గోపాలు తెడ్డు అందుకున్నడు. కొట్టుకొస్తున్న మద్దిచెట్టు ఒకటి మా దిక్కే తిరుగుతున్నది.

నేను మోటారుకు చెవి ఆనించిన. ఆగిన మోటారు ఏం చెప్తది? చెవి చుర్రుమని కాలింది. అయినా వదల్లే. "పెట్రోల్ల నీళ్ళు కలిసినయి," అని తీర్పు చెప్పిన. పైపు ఊడదీసి, పెట్రోలును మోటారుకు తోసే రబ్బరు ఉబ్బుగుండు పిసికి, దోసిట్ల పట్టి చూసిన. పెట్రోలు తేటగ ఉన్నది. నా తెలివికి ఐదు నిమిషాలు పోయినయి. ఐదు నిమిషాలంటే గోదారి మీద ఎంత దూరమో మీరే లెక్కేసుకోండ్రి.

మొదట్ల కోసిన కోతను ఇక్కడ నా అంతట నేనే వాపస్ తీసుకుంటున్న. ఆ ట్రాక్టర్ల ఎలకా లేదు, పిల్లలూ లేవు. పెనుబల్లి నుంచి నాకు ఎవ్వడూ ఫోన్ చెయ్యలే. ఈ చెవి ఎందుకూ పనికిరాదు, ద్వాలి తిట్లు వినను తప్ప.

"పెట్రోలు వదిలెయ్ కాకా! చిన్నమ్మ ఇందాకనే చెప్పింది, ఉచ్చ ఆగింది," అని గోపాలు చెట్టును తెడ్డుతోని నెడుతనే అరిచిండు. "మోటారు ఒళ్ళు ఎట్లున్నది?"

"పెనం లెక్క కాల్తున్నది. నీళ్ళు కుమ్మరిస్త!"

"పొయ్యకు! వెలిగే లాంతరు బుడ్డి మీద నీళ్ళు పోస్తే ఏమైతది? పగుల్తది. దానంతట అదే ఆరాలె. సన్న తీగ తీసుకో, ముందు బెజ్జంల పొడువు. మట్టి అక్కడనే అడ్డం పడితే పోతది."

పొడిచిన. తీగ కొసదాక సులువుగ పోయింది. బెజ్జం ఖాళీగనే ఉన్నది.

"అయితే కింద జల్లెడ చూడాలె. మోటారును పైకి మడువు. అదీ బాగుంటే లోపల నీళ్ళు తోడే రబ్బరు రెక్కలు పోయినట్టు. పోతే..." వాడు దిగువ దిక్కు చూసిండు.

పొగమంచుల వంతెన గీత లెక్క కనపడుతున్నది.

ద్వాలిని చూసిన. ఆమె రెప్పలు సగం వాలినయి. "ద్వాలీ, ద్వాలీ! నేను ఎద్దును కాదు, ఏనుగును మోసిన. రెండు ఏనుగులను. చెరో భుజాన."

ఆమె అడ్డం పడలే.

"మూడు ఏనుగులు!"

పెదవి కదిలింది. మాట రాలే. నా బతుకుల నేను చెప్పిన అబద్ధం నిజమని ఒప్పుకున్నట్టు ఊకున్నది ఆ ఒక్కసారే. అంత భయం నాకు పాముకు కాలే, గోదారికి కాలే.

మోటారును పైకి మడిచిన. కాలును తడిమిన. జల్లెడ కాడ ఒక మట్టిముద్ద. గోటితోని గీకితే కింద నీలం రంగు గుడ్డ. ద్వాలి పాత చీర ముక్క.

నేనే కట్టిన.

వాగుల మోటారు దించేటప్పుడు, నీళ్ళు పీల్చే ఫుట్‌వాల్వుకు పాత చీర చుట్టకుండ దించినోడు మా దిక్కున రైతే కాదు. ఆకులు పోవు, నత్తలు పోవు. నలభై ఏండ్లు ఎన్ని చీరలు చుట్టిన్నో నాకే తెలువదు. ముందటి రోజు గోపాలు మోటారుకు కూడ అదే చేసి, తీగ బిగించి, మంచి పని చేసిన అనుకున్న. కానీ వాగు నీళ్ళు తేటవి. వరద గోదారి సగం మట్టే. గుడ్డ ఆ మట్టినంతా పట్టుకొని, ముద్దయ్యి, మోటారు గొంతు పిసికింది.

"గోపాలూ! తప్పు నాదే! చీర ముక్క నేనే కట్టిన!" అని అరిచిన.

గోపాలు ఒక్కసారి తిరిగి చూసిండు. "తిట్టుడు ఒడ్డుకు పోయినంక. ముందు గుడ్డ పీకు."

తీగ మెలి విప్పను గోళ్ళు చాలలే. పండ్లతోని కొరికిన. గుడ్డ ఊడింది. మోటారును దించి, తాడు గుంజిన. లేవలే. మళ్ళ గుంజిన. వంతెన కాళ్ళ కాడి తెల్ల నురుగు కనపడుతున్నది, దాని ఉరుము పడవ చెక్కలల్ల తెలుస్తున్నది. మూడోసారి లేచింది.

బెజ్జం దిక్కు చూస్తున్న. ఏం రాలే. "రబ్బరు పోయింది," అన్నడు గోపాలు, మెల్లగ. అప్పుడు బెజ్జంల నుంచి పొగ బుస్సుమన్నది. తర్వాత కాగిన నీళ్ళు రెండు చుక్కలు. తర్వాత ముసలోని ధార లెక్క, సన్నగ, ఆగి ఆగి.

"సగం రబ్బరు మిగిలింది," అని గోపాలు నన్ను పక్కకు నెట్టి మోటారు పిడి అందుకున్నడు. "ఎక్కువ రేజ్ చేస్తే మళ్ళ కాల్తది. మెల్లగనే కొడ్త. నువ్వు తెడ్డు పట్టు, గుంజు!"

మెల్లగ! పక్కన మనిషి పాణం పోతుంటె మెల్లగ పోవుడు ఎట్లుంటదో శత్రువుకు కూడ తెలువొద్దు. ఒక కన్ను ధార మీద, ఒక కన్ను ద్వాలి ఛాతి మీద. రెండిట్ల ఏది ఆగినా అయిపోయినట్టే. పడవ అడ్డంగ, అంగుళం అంగుళం, కరకట్ట దిక్కు జరిగింది. కట్ట మీదున్న జనం తాడు ఇసిరిండ్రు. మొదటిది అందలే, రెండోది గోపాలు మెడకు తాకి చేతికొచ్చింది.

ఆటోల దవాఖానా. ద్వాలికి సూదులు, నోట్లె గొట్టం, ఊపిరికి మిషిన్. ఆ మిషిన్ పక్కన రెండు దినాలు కూసున్న, దాని చప్పుడు ఆగుతదేమోనని. మూడోనాడు గొట్టం తీసిండ్రు. నర్సమ్మ నన్ను చూపెట్టి, "ఎవరో గుర్తుపట్టినవా అవ్వా?" అనడిగింది. ద్వాలి చాన సేపు చూసి, "యాడనో చూసిన. మంచోడయితే కాదు," అన్నది. నేను వరండాలకు పోయి ఏడ్చిన.

ఇప్పుడు ఆమె మంచిగనే ఉన్నది. ఇది రాస్తుంటె పక్కన కూసోని, "ఒక్కటి నిజం చెప్పనిదే రాత ఆపకు," అంటున్నది.

చెప్తున్న. పడవల "తప్పు నాదే" అని అరిచిన అన్న చూడండ్రి, అది కల్పించిన. అప్పుడు నాకు నోరు లేవలే. గోపాలు చెట్లను నెడుతూ అటు తిరిగి ఉన్నడు. గుడ్డను అంగీల దోపుకొని, "చెత్త పట్టింది, తీసేసిన," అన్న. ఆ మాట పట్టుకొని వాడు రెండేండ్ల సంది, మా కాక మోటారును బతికించిండు, అందరి పాణం కాపాడిండు అని ఊరూర చెప్తున్నడు. చేపలు పడ్డప్పుడల్లా పెద్దది ఏరి మా ఇంటికి పంపుతున్నడు. ద్వాలి వండుతది, నా దిక్కు చూస్తది.

గోపాలుకు చదువొచ్చు. ఇది వాని చేతికే ముందు ఇస్తున్న. "తిట్టుడు ఒడ్డుకు పోయినంక" అన్న మాట కూడ వాడు అన్నది కాదు, నేను రాసుకున్నదే. వాడు గట్లనే అంటడని నా ఆశ.