చిల్లు పూడ్చని రాయి

నేను ఒక లంగరు రాయిని. రెండు జానల పొడవు, బెత్తెడు మందం, పై అంచు దగ్గర పిడికిలి దూరేంత చిల్లు. గోరీల మధ్య ఉంటాను గాని నా కింద ఎవరూ లేరు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇక్కడికి వచ్చినవాళ్ళు నన్ను చూడగానే గబగబా చెప్పులు విడిచి దణ్ణం పెట్టేస్తారు. తరవాత సంగతి తెలిసి నాలిక కరుచుకుంటారు. మీరు ఆ తొందర పడకండి. ఇసక మెత్తగానే ఉంది, కూర్చోండి, అంతా చెబుతాను. తీరిక లేకపోతే ఆ పక్కన కెప్టెన్ దొర గోరీ ఉంది, చూసుకుని వెళ్ళిపోండి. ఆయన నాలాగ వాగడు.

నా పుట్టుకే ఒక పొరపాటు. పాతరేవుపేట వెనక కొండ మీద రాళ్ళు కొట్టే మనిషి నన్ను పసుపు దంచుకునే చిన్న రోలు చేద్దామనుకున్నాడు. అంచు దగ్గర మెత్తటి పొర ఉందని చూసుకోలేదు. ఉలి దిగిపోయి అవతలికి తేలింది. చిల్లు పడ్డ రోలు ఎవరికి కావాలి? పక్కన పారేశాడు. వర్షాలన్నీ నాలోంచే కారిపోయాయి. రెండేళ్ళు పోయాక మడ్డు కొర్లయ్య అనే జాలరి అటుగా వచ్చి, నా చిల్లులో చెయ్యి పెట్టి అటూ ఇటూ తిప్పి, కడుపుబ్బా నవ్వాడు. “ఓరి మావా! లంగరు సేసి రోలంటావేటి?” అన్నాడు. గుప్పెడు ఎండు నెత్తళ్ళు ఆ మనిషి చేతిలో పోసి నన్ను భుజాన వేసుకున్నాడు. మనుషులు ఒకరు పారేసినదాన్ని ఇంకొకరు ముద్దు చేస్తారు. నాకు వాళ్ళలో నచ్చేది అదే.

కొర్లయ్య తెప్ప మీద నాలుగేళ్ళు ఉన్నాను. తాడు చిల్లులోంచి దూర్చి రెండు మెలికలు వేసి, మూడో మెలికలో బొటనవేలు పెట్టి బిగించేవాడు. ఆ ముడి ఊళ్ళో ఇంకెవరికీ రాదు. సముద్రం మీద గాలి లేచినప్పుడు చిల్లులోంచి “హూ...” అని శబ్దం వచ్చేది. అది నా గొప్ప కాదు, ఖాళీగా ఉండటంలో గొప్ప. కొర్లయ్య మాత్రం ప్రతిసారీ “ఓయ్!” అని పలికేవాడు. “నా రాయి నన్ను పిలుస్తంది” అని పక్క తెప్పవాళ్ళకు చెప్పేవాడు. వాళ్ళు వాడికి పిచ్చి అనుకునేవాళ్ళు. కొంచెం ఉండేది కూడా.

ఇంతకీ ఈ గోరీల దిబ్బ సంగతి చెప్పలేదు కదూ. ఓడల మీద బట్టల బేళ్ళు కొనుక్కుపోయిన కాలంలో వచ్చిన తెల్లవాళ్ళు ఇక్కడే చనిపోయి ఇక్కడే పడుకున్నారు. అందరికన్నా ఎత్తు ఆ కెప్టెన్ దొరది. కోసుగా, తాటిచెట్టులో సగం ఎత్తు. ఆయన పేరేమిటో ఊళ్ళో ఒక్కరికీ తెలియదు. అయినా ఏటా వేట మొదలయ్యే ముందు జాలర్లంతా కూడి దానికి సున్నం కొడతారు. భక్తి అనుకునేరు! సముద్రం మీంచి చూస్తే తెల్లగోరీ వెనక కొండ బోడితలకు సరిగ్గా ఎదురొచ్చిందంటే రేవుకి దారి దొరికినట్టు. అందుకు. పాపం, ఆ దొరకు తన జాతివాళ్ళు కూడా ఇంత సేవ చేసి ఉండరు. ఆయన పక్కన మూడు నెలల దొరపాప గోరీ. దాని మీద బాలింతలు మరమరాలు పోసి పోతారు. ఏ కులం, ఏ దేశం అని ఎవరూ అడగరు. పసిపిల్ల ఒక్కత్తీ ఉంది కదా అంటారు, అంతే.

కొర్లయ్యకు గున్నమ్మతో పెళ్ళయింది. ఆ పిల్లకు పదహారేళ్ళు, నోరు మాత్రం నలభై ఏళ్ళది. తెప్ప ఒడ్డుకు తగలగానే గంప చంకన పెట్టుకుని మోకాల్లోతు నీళ్ళలోకి వచ్చేసేది. “నిన్నటికంటే తక్కువే తెచ్చినావు, సముద్రంలో సేపల్లేవేటి, నిద్దరోయినావేటి?” అనేది. అంత నోరున్న పిల్లా మొగుడి పేరు మాత్రం పలికేది కాదు. పలికితే వాడి ఆయుష్షు తగ్గుతుందని ఆ పేటలో ఆడవాళ్ళ నమ్మకం. “ఇదిగో”, “నిన్నే”, పాప పుట్టాక “గుంట అయ్యా”. అవే పిలుపులు. కొర్లయ్య ఏడిపించేవాడు. “ఒక్కసారి పేరెట్టి పిలు, బంగారం లాటి పండుగొప్ప సేప ఇస్తాను” అనేవాడు. “నీ పండుగొప్ప నువ్వే తిను” అనేది ఆవిడ.

అప్పుడు యుద్ధం వచ్చింది. బర్మా వైపు సామాను దింపడానికి అలల మీద పడవ తిప్పడం తెలిసినవాళ్ళు కావాలని పటాలంవాళ్ళు వచ్చారు. పేట నుంచి అయిదుగురు బయల్దేరారు. అందులో కొర్లయ్య ఒకడు. వెళ్ళే ముందు నా తాడు విప్పి, నన్ను గుమ్మం పక్కన ఆనించి అన్నాడు: “ఓలే గున్నా, ఈ రాయి ఎవురికీ ఇచ్చీకు. నానొచ్చి మల్లా కట్టుకోవాల.”

ఏడాది తిరిగేసరికి ఒక కాగితం వచ్చింది. పడవ మీద బాంబు పడింది, అయిదుగురూ పోయారు, ఎవరి శవమూ దొరకలేదు.

సముద్రంలో పోయి శవం దొరకనివాడికి పాతరేవుపేటలో ఒక పద్ధతి ఉంది. వాడి లంగరు రాయిని దిబ్బ మీద పాతి, చిల్లును సున్నంతో పూడ్చేస్తారు. ఇక ఎక్కడా లంగరు వెయ్యక్కర్లేదు, నీ పని అయింది, హాయిగా పోరా నాయనా అని. అయిదు రాళ్ళూ దిబ్బ మీదికి వచ్చాయి. నాలుగింటి చిల్లులు పూడ్చారు. కులపెద్ద సున్నం ముంత పట్టుకుని నా దగ్గరికి వచ్చేసరికి గున్నమ్మ నా పక్కన చతికిలబడి పిడికిలి నా చిల్లులో దూర్చేసింది.

“సెయ్యి తియ్యి తల్లీ.”

“తియ్యను. ఆడు రాయి దాసమన్నాడు, పూడ్సమన్నాడేటి?”

“కాయితం వొచ్చింది కదే!”

“కాయితానికేటి తెలుసు? ఆడొస్తే తాడెక్కడ కట్టుకుంటాడు?”

పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఒళ్ళో పాలు తాగే ఆడపిల్ల. పొద్దు వాలేదాకా చెయ్యి తియ్యలేదు. సున్నం ముంతలోనే గట్టిపడిపోయింది. కులపెద్ద విసుక్కుని వెళ్ళిపోయాడు. అలా నేను చిల్లు సముద్రం వైపు తెరుచుకుని, గోరీ కాని గోరీలా మిగిలిపోయాను.

యుద్ధం అయ్యాక సర్కారువాళ్ళు పాలరాతి పలక వేస్తామన్నారు. పేర్లు రాసుకోవడానికి ఒక గుమాస్తా వచ్చాడు. మగవాళ్ళంతా వేట మీద ఉన్నారు. అయిదుగురు ఆడవాళ్ళు దిబ్బ మీద నిలబడ్డారు. ఆయన కలం తీసి “మీ ఆయన పేరు?” అంటే ఒక్కత్తీ నోరు విప్పదు. పైటచెంగు నోట్లో కుక్కుకుంటారు. ఆయనకు చెమటలు పట్టేశాయి. చివరికి పోలమ్మ అనే ఆవిడ ఉపాయం చెప్పింది. “ఓలే, నీ మొగుడి పేరు నాను సెప్తాను, నా మొగుడి పేరు నువ్వు సెప్పు!” అంది. అలా మార్చుకుని మార్చుకుని నలుగురి పేర్లూ తేలాయి. ఏడుపు మధ్యలో ఒకత్తె నవ్వింది కూడా. పోలమ్మ గున్నమ్మ వైపు తిరిగింది. “నీదీ సెప్పేస్తానే” అంది.

“సెప్పినావంటే నీతో మాటాడను. బతికున్నోడి పేరు సచ్చినోల్ల రాతి మీద రాయిత్తావేటి?”

పలక మీద నాలుగు పేర్లే పడ్డాయి. ఆ నలుగురి రాళ్ళూ పలక కింద పునాదిలోకి వెళ్ళిపోయాయి. నేను ఒక్కదాన్నీ విడిగా.

విడిగా అన్నానని జాలి పడకండి. నాకు లోటేం జరగలేదు. గున్నమ్మ చేపల గంప దింపుకుని రోజూ నాకు వీపు ఆనించి కూర్చునేది. పిల్లకు పళ్ళు వచ్చాయనీ, పండుగొప్ప ధర పిరెమైపోయిందనీ, పిల్లకు పెళ్ళయిందనీ, అల్లుడు తాగడు గాని తిండిపోతనీ, అన్నీ నాకే చెప్పేది. నిజానికి నాకు కాదు, చిల్లులోంచి సముద్రానికి. నేను మధ్యలో వినేదాన్ని. వినడం ఖర్చు లేని పని, తీపి పని. పేటలోవాళ్ళు నా చిల్లుకు మేకల్ని కట్టేవాళ్ళు. గున్నమ్మ చూస్తే తాడు విప్పేసి మేకను తోలేసేది. “ఇది మేకల రాయి కాదర్రా, మనిసి రాయి!” అనేది. మర్నాటికి మేక మళ్ళీ ఉండేది.

తెప్పలు పోయి ఇంజను పడవలు వచ్చాయి. పాలరాయి పసుపెక్కింది. నాలుగు పేర్లలో ఒకటి ఉప్పుగాలికి అరిగి సగమైంది. అరవై ఏళ్ళు అలా గడిచాయి. నా లెక్కన ఒక కునుకు.

ఈమధ్య దిబ్బను బాగుచేస్తామని ఒక ఆఫీసరు వచ్చాడు. మంచివాడే. టోపీ, కళ్ళద్దాలు, చేతిలో పుస్తకం. ముఖ్యమైన సమాధులన్నీ పట్టికలో ఎక్కించి, చుట్టూ కంచె వేసి, ఒక్కోదాని ముందు బోర్డు పెడతారట. కెప్టెన్ దొర ఒకటో నంబరు, దొరపాప రెండు, యుద్ధం పలక ఏడు. సముద్రపు కోతకు అడ్డంగా ఒడ్డున రాళ్ళ గట్టు కడుతున్నారు కదా, దిబ్బ మీది విడిరాళ్ళన్నీ దానికి తోలెయ్యమన్నాడు. ఒక కూలీ వచ్చి నా మీద ఎర్రరంగుతో అడ్డగీత గీశాడు. గట్టులో వెయ్యి రాళ్ళ కింద పడితే నా చిల్లు ఎటు చూస్తుందో ఎవరికి తెలుసు? నాకు మొదటిసారి భయమేసింది.

మర్నాడు పొద్దున్నే లారీ వచ్చింది. గున్నమ్మా వచ్చింది. ఎనభై దాటాయి, కర్ర, పక్కన పోలమ్మ. ఆ అయిదుగురిలో మిగిలింది ఈ ఇద్దరే. గీత చూసి గున్నమ్మ కర్ర పారేసి నా మీద కూర్చుంది.

“మామ్మా, లేవండి, లారీ ఆగి ఉంది” అన్నాడు ఆఫీసరు.

“ఇది మా ఇంటి రాయి బాబూ.”

“ఎవరిదో పేరుంటే పట్టికలో ఎక్కిస్తాను. పేరులేని రాయిని ఎలా రాయను? ఎవరు చెప్పినా చాలు.”

పోలమ్మ వంగి గున్నమ్మ చెవిలో అరిచింది. పోలమ్మకు చెవుడు, అందరూ చెవిటివాళ్ళే అనుకుంటుంది. “ఇప్పుడైనా నన్ను సెప్పనియ్యే ముండా! అరవయ్యేల్లుగా నోట్లో పెట్టుకున్నాను!”

“నువ్వు సెప్పద్దు. అడ్డమెట్టింది నాను, తీసేదీ నానే.”

అని, గున్నమ్మ నా మీంచి దిగి, చిల్లు దగ్గర ముఖం పెట్టింది. లోపలికి, సముద్రం వైపు, మెల్లగా అంది: “ఇదిగో, నిన్నే. ఏటనుకోకు. నువ్వు రాకుండా ఇంత ఆలిస్యం సేసినావు గనక సెప్తన్నాను. తప్పు నీదే.” తరవాత తలెత్తి, కొంగు భుజాన సర్దుకుని, బడిపిల్లలా నిలబడి గట్టిగా చెప్పింది.

“మడ్డు కొర్లయ్య.”

లారీ డ్రైవరు ఇంజను ఆపేశాడు. పోలమ్మ కళ్ళు తుడుచుకుంటూ “వొచ్చిందే నోటికి!” అంది.

ఆఫీసరు రాసుకున్నాడు. “చనిపోయిన తేదీ?” అన్నాడు.

“అది నన్నడక్కు. నాకు తెలీదు, నీకూ తెలీదు. ఆ గడి కాలీగా వొదిలెయ్.”

ఆయన అక్కడ చిన్న గీత గీసి, నంబరు వేశాడు. ఎనిమిది. నేను ఎనిమిదో నంబరు, చూశారా!

మేస్త్రీ నా ఎర్రగీత కడిగి, పేరు చెక్కాడు. నాకు చదువు రాదు. నా ఒంటి మీద రాసింది నేనే చదువుకోలేను. ఉలి తగిలినప్పుడు మాత్రం కొండ మీది రోజులు గుర్తొచ్చాయి. పని అయ్యాక చిల్లు చూసి “ఇదేదో కన్నం పడిందే” అని సిమెంటు తాపీ ఎత్తాడు. గున్నమ్మ మళ్ళీ చెయ్యి దూర్చేసింది. ఒకప్పుడు బిగుతుగా పట్టిన పిడికిలి ఇప్పుడు వదులుగా, గాజులతో సహా దూరిపోయింది. మేస్త్రీ నవ్వి తాపీ దించేశాడు.

ఇప్పుడు నేను కంచె లోపల హాయిగా ఉన్నాను. మేకల బెడద తప్పింది. నిజం చెప్పాలంటే వాటి వెచ్చదనం కొంచెం గుర్తొస్తుంది. గున్నమ్మకు మాత్రం ఆ పేరు రుచి తగిలింది. సాయంత్రం పోలమ్మను వెంటేసుకుని వస్తుంది. కూర్చున్నది మొదలు కొర్లయ్యా, ఒరే కొర్లయ్యా, మా కొర్లయ్య అంటూ పేరు మీద పేరు. అరవై ఏళ్ళు దాచుకున్నది ఒక్క ఏడాదిలో వాడేసేలా ఉంది. నిన్న అలా పిలుస్తుండగా గాలి లేచింది. నేను “హూ...” అన్నాను. గున్నమ్మ టక్కున మాట ఆపి, సముద్రం వైపు తిరిగి “ఓయ్!” అని పలికింది.

చెవిటి పోలమ్మ అడిగింది, “ఎవుర్నే పలకరిస్తన్నావు?”

“నిన్ను కాదులే, కూకో” అంది గున్నమ్మ.