మధ్యాహ్నం పెరిగే ఏరు

కారు నడుపుతున్నది పేర్రాజు, పక్క సీట్లో నేను, వాడు పోయి ఏడాదైందని ఇద్దరికీ తెలుసు, అయినా ఆ మాట ఎత్తడం మర్యాద కాదన్నట్టు ఐస్‌లాండ్ నల్ల లావా మైదానం మీద వెళ్తూనే ఉన్నాం. రోడ్డు కాసేపు బూడిదలా రాలుతోంది, కాసేపు నాచులా మెత్తబడుతోంది, అగ్నిపర్వతాలు మాతోపాటే నడిచి వస్తున్నాయి, నాకేమో ఎముకల్లోంచి అలసటగా ఉంది.

"పులుసుకి పనికిరాని చేప కోసం ఇంత దూరం లాక్కొచ్చావు కదరా దివాకరం," అంటాడు వాడు. "పట్టాలంట, చూడాలంట, మళ్లీ నీళ్లలో వదిలెయ్యాలంట. మా రాజోలులో చెబితే పడీపడీ నవ్వుతారు."

"సాల్మన్‌రా అది. ఇక్కడి పద్ధతే అంత."

"ఏరు దాటడానికీ ఓ పద్ధతి చెప్పారుగా ఇక్కడివాళ్లు?"

చెప్పారు. ఎండెక్కేకొద్దీ కొండ మీది మంచు కరిగి ఏరు పొంగుతుంది, పదకొండు లోపే దాటాలి, కారు దించేముందు ఒకరు నడిచి లోతు చూడాలి. ఇంతలో నా సీటు రాయి అవుతుంది, రాయి నీటి అడుగవుతుంది, నేను నడుంలోతు నీళ్లలో నిలబడి గాలానికి ఎరగా ఈకలతో కట్టిన దొంగ ఈగను నీటి మీదికి విసురుతూ ఉంటాను, ఒడ్డున కారులోంచి వాడు హారన్ కొడుతూనే ఉంటాడు.

"ఒక్క చేపరా. పడగానే వచ్చేస్తా."

"ఆ మాట అని మూడు గంటలైంది."

"లోతు చూడాల్సిన వంతు నాది," అంటాను. "నేను గాలం సర్దుకుంటుంటే నువ్వు దిగావు."

"దిగాను. కొట్టుకుపోయాను. అదలా ఉంచు. మా ఆవిడకేం చెప్పావ్?"

"నువ్వే తొందరపడ్డావని."

"నేనా! తాళి కట్టే టైముకి కూడా నలుగురు కలిసి నిద్ర లేపిన మనిషిని!" వాడు నవ్వుతాడు, నవ్వుతున్నకొద్దీ కారు నిండా నీళ్లు చేరుతుంటాయి. "వైదేహి నా ఫొటోకి దండ కూడా వెయ్యట్లేదురా, నీళ్ల దగ్గర తొందరపడొద్దన్న తన మాట విన్లేదని కోపంతో."

"నిజం చెబితే మళ్లీ నా మొహం చూడదు."

"చూడకపోతే మానె. ఇప్పుడు నా మీదున్న కోపం మోసేది నువ్వు కాదుగా."

"అన్నయ్యగారూ..."

కళ్లు తెరిచాను. కారు ఏటి ఒడ్డున ఆగి ఉంది, ఇంజన్ మోగుతోంది. స్టీరింగ్ ముందు వైదేహి. భర్త పోయిన చోటు చూపించమని అడిగి నాతో వచ్చింది.

"టైమెంతమ్మా?"

"ఒంటిగంటండి. అలిసిపోయి పడుకున్నారని లేపలేదు, వచ్చి రెండు గంటలైంది. మనం ఆయనలాగ తొందరపడద్దు, నిదానంగానే దాటదాం, ఆయ్."

చెయ్యి చాపి తాళం తిప్పాను. ఇంజన్ ఆగింది.

"వాడు తొందరపడలేదమ్మా. పదకొండు లోపే దాటేద్దామన్నాడు. ఆలస్యం చేసింది నేను. దిగాల్సిందీ నేనే. నీకు అబద్ధం చెప్పాను."

ఆమె నా వైపు తిరగలేదు. ఆమె చూస్తున్న చోటే నేనూ చూశాను: ముందు చక్రానికి మూరెడు దూరంలో, నీటి అంచున, ఎండిన బూడిదరంగు గులకరాయి ఒకటి తడిసి నల్లబడింది, తర్వాత దాని పైది.