పున్నమ్మ కల్లంలో తీర్మానం

పొద్దున్నే రాత్రి కప్పిన పట్టాలు తీసి మిరపకాయలు పరవడం, కాళ్ళతో వాటిని తిరగేయడం, ఆపైన ఎవరైనా పోట్లాడుకోవడానికి వస్తున్నారేమోనని దారి వంక చూడటం. ఎండాకాలం వచ్చిందంటే పున్నమ్మకు ఇదే పని. ఆమె కల్లంలో కాయల ముందు కూర్చుని ఎవరు నిజంగా కోపం తెచ్చుకున్నా ఆ కాయలకు ఘాటెక్కుతుంది. అందుకని ఊళ్ళో గట్టు తగాదాలూ, అత్తాకోడళ్ళ రుసరుసలూ అన్నీ అక్కడే తెములుతాయి. ఎదురింటి అన్నదమ్ములు పొలం పంచుకున్న ఏడాది పున్నమ్మ కాయ పేరు గుంటూరు మిర్చి యార్డులో మోగిపోయింది. వచ్చినవాళ్ళకు తలా ఒక రాశి చూపించి, మధ్యలో మజ్జిగ కుండ పెట్టడం ఆమె మర్యాద.

ఆమె తమ్ముడు యలమంద పదిమందిలో మాట్లాడటానికే పుట్టాడని అందరూ అంటారు, అతనూ కాదనడు. మైకు అక్కర్లేని గొంతు. ఆ ఏప్రిల్లో మాత్రం ఆ గొంతు పెగలడం లేదు. ఆడవాళ్ళు ఆడవాళ్ళనీ, మగవాళ్ళు మగవాళ్ళనీ పెళ్ళాడవచ్చా అని సుప్రీంకోర్టులో వాదనలు నడుస్తున్నాయి. టీవీలో రోజూ అదే గోల, టీ కొట్టు దగ్గర అంతకు రెట్టింపు. ఆ గోల మధ్యలో, గుంటూరు బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పే అతని ఒక్కగానొక్క కూతురు తేజశ్రీ ఫోన్ చేసింది.

"నాన్నా, కోర్టు ఏమన్నా సరే, ఆదివారం నేనూ అన్వితా మా ఫ్లాట్లోనే దండలు మార్చుకుంటున్నాం. నువ్వు రావాలి."

అన్విత అతనికి తెలియని పిల్ల కాదు. కూతురితో కలిసి ఉండే ఫిజియోథెరపిస్టు. నిరుడు అతని మోకాలి నొప్పికి వ్యాయామాలు నేర్పి, బద్ధకం చేస్తే గదమాయించిన పిల్ల. మంచి పిల్లేనని తనే పదిసార్లు మెచ్చుకున్నాడు. ఇప్పుడు మాత్రం ఫోన్ పెట్టేశాడు.

సర్పంచి పేరయ్యకు సంగతి ఎలా చేరిందో చేరింది. సాయంత్రానికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ఒరేయ్ యలమందా, ఇట్టాంటి పెళ్ళిళ్ళు మాకొద్దని మనూరు తీర్మానం చేసి ఢిల్లీకి పంపుదాం. శుక్రవారం సభ. తీర్మానం నువ్వే పెట్టాల. పెట్టావా, నీ ఇంటి సంగతి ఎవడూ ఎత్తడు. పెట్టలేదనుకో, ఇక ఈ ఊళ్ళో నీ మాట వినేదెవడు?"

యలమంద సరేనన్నాడు. ఊళ్ళో మాట పోతే తన దగ్గర ఇంకేం మిగులుతుందో అతనికి తెలియదు. కూతురు పోతే ఏం మిగులుతుందో ఆలోచించే ధైర్యం లేదు.

సభ పున్నమ్మ కల్లంలో పెట్టారు. కోపాల సభ ఇంకెక్కడ పెడతారు? పున్నమ్మ రాశులు చూపించింది, మజ్జిగ కుండ పెట్టింది, తమ్ముడి మొహం మాత్రం చూడలేదు.

ముందు పేరయ్య లేచి లోకం పాడైపోతోందని అరిచాడు. రంగు వెలిసిన తాలుకాయలు ఏరే కోటిరత్నం అక్కడి నుంచే అందుకుంది. "వాళ్ళు పెళ్ళాడితే నీ కంచంలో మెతుకులు తగ్గుతాయా సర్పంచి గారూ?"

"మరి పిల్లలో?" అన్నాడు ఒక ముసలాయన.

"నీకున్నారుగా నలుగురు. వాళ్ళతో తగాదాకి ఈ కల్లంలో నువ్వు కూర్చోకుండా వదిలిన రాశి ఉందా?" అంది కోటిరత్నం.

కల్లమంతా ఘొల్లుమంది. అప్పుడు యలమంద లేచాడు. కండువా విదిలించి, తాతముత్తాతల దగ్గర మొదలెట్టి, సంప్రదాయం మీదుగా దేశ భవిష్యత్తు దాకా వెళ్ళి వచ్చాడు. కాకులు ఎగిరిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు.

మాటలయ్యాక కాయ రుచి చూడటం ఆ కల్లంలో ఆనవాయితీ. యార్డు కోసం కాయ ఎంచే మాబు ముందుకొచ్చాడు. పేరయ్య రాశిలోంచి ఒకటి కొరికి కళ్ళనీళ్ళు పెట్టుకుని మజ్జిగ తాగాడు. కోటిరత్నం ముందున్న కాయ కొరికి మళ్ళీ తాగాడు. యలమంద రాశిలోంచి ఒకటి నమిలాడు. ఇంకొకటి నమిలాడు. తర్వాత దోసకాయ ముక్కల్లా వరసగా తింటూ పోయాడు.

"యలమందన్నా, ఏమనుకోవద్దు. వీటిని చంటిపిల్లల ఉగ్గులో కలపొచ్చు."

జనం నవ్వారు. యలమంద తల వంచుకున్నాడు. కూతురి మీద తనకు కోపం లేదు. ఉన్నదల్లా భయం. ఆ సంగతి ఊరందరితో పాటు అతనికీ అప్పుడే తెలిసింది.

పేరయ్యకు నవ్వు రాలేదు. "ఇంట్లోనే చీడ పెట్టుకున్నోడికి కోపం ఎట్టా వస్తదిరా? ఆ ఇద్దరూ ఊరి పొలిమేర తొక్కితే మొహాన పేడనీళ్ళు కొట్టిస్తా!"

యలమంద తలెత్తాడు. "పేరయ్యా, అది నా బిడ్డ. ఆ రెండో పిల్లా నా బిడ్డే. ఏదీ, చెయ్యెత్తి చూడు."

గొంతు పెంచలేదు. పక్కవాడితో మాట్లాడినట్టే అన్నాడు. ముందు మాబు తుమ్మాడు. తర్వాత ముసలాయన. యలమంద రాశి మీద గాలి వేడికి ఊగుతోంది. చూస్తుండగానే కల్లం నిండా దగ్గులు, తుమ్ములు, ముక్కులకు కండువాలు. తీర్మానం చదవబోయిన పేరయ్యకు "గ్రామ" అనేసరికి పొరబోయింది, చెరువు గట్టు దాకా దగ్గుకుంటూనే పరిగెత్తాడు. సభ చెదిరిపోయింది. తీర్మానం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

యలమంద ఒక్కడే రాశి ముందు నిలబడి ఏడ్చాడు. ఘాటుకే అనుకున్నారు చూసినవాళ్ళు. పున్నమ్మ కొంగుతో తమ్ముడి మొహం తుడిచి, "ఆదివారానికి ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకో" అంది.

ఆదివారం అక్కాతమ్ముళ్ళు బస్సెక్కారు. ఆడపిల్ల తండ్రి వియ్యాలవారికి కాళ్ళకు నీళ్ళివ్వాలి కదా అని, దారి పొడుగునా యలమంద ఇత్తడి చెంబు ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. మెట్ల దగ్గర కుళాయిలో చెంబు నింపుకుని పైకెక్కితే, ఫ్లాటు గుమ్మంలో అన్విత తండ్రి రఘురామ్ మాస్టారు ఎదురొచ్చాడు. సింగరాయకొండ నుంచి తెల్లవారకముందే వచ్చాడట. ఆయన చేతిలోనూ నిండు చెంబుంది. ఒకరి చెంబు వంక ఒకరు చూసుకున్నారు.

"కాళ్ళు ఇటు పెట్టండి బావగారూ, ఆడపిల్ల తండ్రిని" అన్నాడు మాస్టారు.

"నేనూ ఆడపిల్ల తండ్రినే బావగారూ. ముందు మీరు."

"అయ్యో, ముందు మీరు."

ఎవరూ తగ్గలేదు. చివరికి ఇద్దరూ ఒకేసారి వంగి ఒకరి కాళ్ళ మీద ఒకరు నీళ్ళు పోసుకున్నారు. వరండా అంతా తడిసింది. లోపల దండ పట్టుకుని నిలబడ్డ తేజశ్రీ ఆ తడికాళ్ళ వంక చూసి, "మా నాన్న వచ్చాడు" అంది, అక్కడున్నవాళ్ళెవరూ అడగకపోయినా.