తొమ్మిది వందల మాటల్లో మంత్రిగారు

అత్తగారితో ఒకే ఇంట్లో ఉండటం చాలదన్నట్టు ఒకే ఆఫీసులో ఉద్యోగం కూడా పడింది నాకు. ఇంట్లో కూరలో ఉప్పు గురించి, ఆఫీసులో కామాల గురించి ఆవిడ చేతే చెప్పించుకోవాలి. రెంటికీ ఒకటే గొంతు. కోప్పడదు, అరవదు, మళ్లీ చేయమంటుంది. అదే నాకు అరికాలి మంట నెత్తికెక్కించేది.

మాది సులభ భాషా విభాగం. రెండు గదులు, మూడు బల్లలు, గోడకు ఒక జాబితా. మంత్రుల ప్రసంగాలను చదువు తక్కువవాళ్లకు కూడా అర్థమయ్యేలా చిన్న చిన్న మాటల్లోకి మార్చడం మా పని. జాబితాలో ఉన్న తొమ్మిది వందల మాటలు దాటి ఒక్కటి కూడా వాడకూడదు. అత్తయ్య రాస్తుంది, నేను టైపు చేస్తాను, మర్నాడు ఉదయం ఏడింటికి రేడియోలో చదువుతారు.

దీనికొక పద్ధతి ఉంది. రాసినదాన్ని ముందు ముగ్గురు బయటివాళ్లకు చదివి వినిపించాలి. విన్నది వాళ్లు తమ మాటల్లో తిరిగి చెప్పాలి. ఆ చెప్పింది ఉన్నదున్నట్టు ఫారంలో ఎక్కించి, ప్రసంగంతో సరిపోయిందని అత్తయ్య సంతకం పెట్టాలి. సంతకం లేని కాగితాన్ని రేడియోవాళ్లు ముట్టుకోరు. సంతకం ఉన్నదాన్ని ఆపే అధికారం ఎవరికీ లేదు.

కిందటేడు కొత్త డైరెక్టరుగారు వచ్చారు. వచ్చినప్పటి నుంచీ నెలకోసారి ఎర్ర పెన్నుతో జాబితాలో మాటలు కొట్టేయడం మొదలుపెట్టారు. జనాన్ని కంగారుపెట్టే మాటలు ఎందుకని ఆయన వాదన. అలా ‘భయం’ పోయింది. ‘మూయడం’ పోయి దాని చోట ‘మార్చడం’ వచ్చింది. అత్తయ్య మిగిలిన మాటలతోనే రాసుకుపోయింది. ఆవిడకు చేవ తగ్గిందనుకున్నాను నేను.

ఒక మంగళవారం ఆరోగ్య మంత్రిగారి ప్రసంగం వచ్చింది. “నది ఇవతలి ప్రసూతి సేవలను దశలవారీగా కేంద్రీకరించి సమర్థతను పెంపొందించే దిశగా అడుగులు వేయడం జరుగుతోంది. పదిహేను రోజుల్లోగా అందిన సూచనలు పరిగణనలోకి తీసుకోబడతాయి.” ఈసారి డైరెక్టరుగారు మాకు శ్రమ లేకుండా సులభ పాఠం కూడా తానే రాసి తెచ్చారు. “మీ పురుళ్ల ఆసుపత్రి మారుతుంది. సేవ మెరుగవుతుంది. ప్రభుత్వం మీ వెంట ఉంది.”

వినడానికి ముందుగా లిఫ్టు నడిపే ఆవిడను పిలిచాం. మేమంతా లిఫ్టక్క అంటాం. వినగానే ఆవిడ మొహం వెలిగిపోయింది.

“అంటే మా ఆసుపత్రిని బాగుచేస్తున్నారన్నమాట. మా అమ్మాయికిప్పుడు ఎనిమిదో నెల. పురిటికి కొత్త గది దొరుకుతుంది.”

తర్వాత వచ్చిన కొరియరతనూ, కిటికీలు తుడిచే ఆయనా అదే చెప్పారు.

“చూశారా, ముగ్గురికీ అర్థమైంది. ఇక సంతకం పెట్టేయండి” అన్నారు డైరెక్టరుగారు.

అత్తయ్య అప్పటికే ప్రసంగానికి జతచేసిన కాగితం చదివేసింది. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఆ ఆసుపత్రి ఉండదని, పురుళ్లకు నది అవతలికి వెళ్లాలని అందులో ఉంది.

“అర్థమైంది సార్. తప్పుగా అర్థమైంది.”

“సంతోషంగానే ఉన్నారు కదండీ.”

“లిఫ్టక్క నొప్పులు పడుతున్న కూతుర్ని తీసుకుని అక్కడికి వెళ్తుంది. వెళ్లాక ఈ సంతోషాన్ని ఏం చేసుకుంటుంది?”

డైరెక్టరుగారు నావైపు చూశారు. “మీ కోడలుగారిది ఇంకా టెంపరరీయే అనుకుంటాను. పొడిగింపు కాగితం నా దగ్గరే ఉంది.”

అత్తయ్య “అది మేం ఇంట్లో మాట్లాడుకుంటాం సార్” అంది.

ఆయన వెళ్లగానే నేను బతిమాలాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ బతిమాలాను. “పెట్టేయండి అత్తయ్యా. మనకెందుకీ గొడవ?”

ఆవిడ ఫారం నా ముందుకు జరిపింది. “చదువు. ‘విన్నవారికి ఏం జరగబోతోందో తెలిసిందా?’ అని ఉంది. తెలియలేదు. ఏం రాయమంటావు?”

ఆవిడ గోడమీది జాబితా ముందు కుర్చీ వేసుకుని గంటన్నర కూర్చుంది. తర్వాత నేను టైపు చేసింది ఇది:

“నెల చివరి దాకా ఆసుపత్రి తలుపు తీస్తారు. తర్వాత తీయరు. లోపల నర్సు ఉండదు. డాక్టరు ఉండడు. పురుడు వస్తే నది దాటాలి. బస్సులో రెండు గంటలు. మీకు ఇది ఇష్టమా? లేదా? పదిహేను రోజుల్లో మంత్రికి రాయండి.”

ఇన్నేళ్లుగా ఆవిడ ఒక్కో వాక్యం దగ్గర ఎందుకు అంతసేపు ఆగుతుందో అప్పుడు తెలిసింది నాకు. మంత్రిగారు పది నిమిషాలు మాట్లాడి దాచిన విషయాన్ని ఆవిడ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది.

డైరెక్టరుగారు ఒక్కో మాట మీదా వేలు పెట్టి జాబితాతో సరిచూశారు. అన్నీ ఉన్నాయి. లిఫ్టక్కను మళ్లీ పిలిచాం.

“మూసేస్తున్నారు” అంది విని. “కాగితం ఉంటే ఒకటి ఇవ్వండి, ఇప్పుడే రాస్తాను.”

మిగతా ఇద్దరూ అదే చెప్పారు. అత్తయ్య సంతకం పెట్టింది. మర్నాడు ఏడింటికి రేడియోలో వచ్చింది. పదిహేను రోజుల్లో మంత్రిగారి ఆఫీసుకు బస్తాలకొద్దీ ఉత్తరాలు వెళ్లాయి. డైరెక్టరుగారు ఆ కోపంతో జాబితాలోంచి ‘తలుపు’, ‘నర్సు’, ‘పురుడు’ కూడా కొట్టేశారు. నా పొడిగింపు కాగితం ఆయన సొరుగులో పడింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది, నేను రోజూ ఆఫీసుకు వెళ్తూనే ఉన్నాను.

పదహారో రోజున మంత్రిగారు ఇంకో ప్రసంగం చేశారు. ప్రజాభిప్రాయాన్ని శిరసావహించి ప్రసూతి సేవలను యథాతథంగా కొనసాగించడమైనదట. డైరెక్టరుగారు ఆ కాగితం పట్టుకుని పరుగున వచ్చారు.

“ఇది మాత్రం ప్రతి ఒక్కరికీ అర్థమై తీరాలండీ. మంత్రిగారు మరీ మరీ చెప్పారు.”

అత్తయ్య ఉన్న మాటలతోనే రాసింది. “ఆసుపత్రి మారదు. సేవ ఉంటుంది.”

కొత్తగా చేరిన కొరియరతను విని తల గోక్కున్నాడు. “మారదంటే? ఇక బాగుచేయరా?”

డైరెక్టరుగారి మొహం మాడిపోయింది.

“మూయం అని చెప్పాలంటే మూయడం అనే మాట ఉండాలి కదా సార్” అంది అత్తయ్య, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పే గొంతుతోనే.

ఆయన నా బల్లమీద నీలం పెన్ను తీసుకుని, గోడ దగ్గరకు వెళ్లి ‘మూయడం’ అని జాబితాలో స్వయంగా రాశారు. “తలుపు కూడా సార్” అంది అత్తయ్య. అదీ రాశారు. నవ్వు ఆపుకోలేక నేను టైపుమిషను వెనక తల దాచుకున్నాను. ఈవిడ మా అత్తగారని ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది.

కొత్త పాఠం విన్న లిఫ్టక్క తిరిగి చెప్పింది. “మూయరు. మా అమ్మాయి ఇక్కడే కంటుంది.”

“మీ అమ్మాయి మాట మంత్రిగారు ఎత్తలేదమ్మా” అన్నారు డైరెక్టరుగారు.

“ఆయన అన్నది అదే సార్” అంటూ అత్తయ్య ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఫారంలో ఎక్కించి, కింద సంతకం పెట్టింది.